తీర్పు తీర్చకుడి: ఆ మాటలో ఏముంది, ఏం లేదు

మొన్న సంక్రాంతికి ముందు ఒకే వారంలో ఒకే వాక్యం రెండుసార్లు నా చెవిన పడింది. రెండుసార్లూ నరసాపురం దగ్గర మా ఊళ్లోనే.

మొదటిసారి మా పిన్ని వాళ్ల అరుగు మీద. నలుగురైదుగురు ఆడవాళ్లు లేసు అల్లుకుంటూ కబుర్లాడుకుంటున్నారు. ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన వీధి చివరి అమ్మాయి, రెండేళ్లకు చంటిబిడ్డతో పుట్టింటికి వచ్చేసింది. ఆదివారం కూడికకు వచ్చి వెనకాల చాప మీద ఓ మూల కూర్చుంటోంది. "ఏ మొహం పెట్టుకుని వస్తోందో" అని ఒకావిడ అంది. అప్పటిదాకా తలొంచుకుని అల్లుతున్న మా పిన్ని, "తీర్పు తీర్చకుడి అన్నారు కదమ్మా ప్రభువు" అంది. అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

రెండోసారి నాలుగు రోజుల తర్వాత. మా సంఘంలోనే ఒకాయన తాగొచ్చి భార్యను కొడతాడు. ప్రతి ఆదివారం కానుకల సంచి పట్టేది ఆయనే. ఆవిడ కమిలిన చేతిని కొంగుతో కప్పుకుని పెద్దల దగ్గరికి వచ్చింది. పెద్దల్లో ఒకాయన, మంచి మనిషే, మెల్లగా అన్నారు: "మనమెవరమమ్మా తీర్పు తీర్చడానికి? ప్రార్థన చేద్దాం. ప్రభువే చూసుకుంటారు." ఆవిడ ఇంకేం మాట్లాడకుండా వెళ్లిపోయింది.

వాక్యం ఒక్కటే. ఒకచోట తలెత్తుకోలేని పిల్లకు నీడైంది. ఇంకోచోట దెబ్బలు తిన్న మనిషి నోరు కట్టేసింది. రెండూ ఒకేసారి సరైన వాడకాలు కాలేవు. అప్పట్నుంచి ఈ మాట నన్ను వదలడం లేదు. ఇది అసలు ఎవరికి చెప్పిన మాట? ఎంతవరకు చెప్పిన మాట?

మత్తయి సువార్త 7వ అధ్యాయం మొదటి వచనం మనలో చాలామందికి కంఠతా వచ్చు. "మీరు తీర్పు తీర్చకుడి, అప్పుడు మిమ్మునుగూర్చి తీర్పు తీర్చబడదు." కొత్త నిబంధన రాసిన గ్రీకు భాషలో ఇక్కడున్న క్రియ 'క్రినో'. ఆ ఒక్క మాటకే చాలా అర్థాలున్నాయి. వేరు చేయడం, ఎంచడం, నిర్ణయానికి రావడం, న్యాయస్థానంలో తీర్పు చెప్పడం, నేరస్థుడని తేల్చి శిక్షకు అప్పగించడం, అన్నీ అందులోనివే. మంచి విత్తనాన్ని తాలు నుంచి ఏరడానికీ ఆ మాట పనికొస్తుంది, ఉరిశిక్ష వేయడానికీ పనికొస్తుంది. ఏది ఎక్కడ అన్నది చుట్టూ ఉన్న మాటలే చెప్పాలి.

మన అనువాదకులు 'తీర్పు' అన్నారు. ఆ ఎంపిక నాకు చాలా నచ్చుతుంది. తీర్పు అన్న మాట 'తీరు' నుంచి వచ్చింది. అప్పు తీరింది, దాహం తీరింది, తగువు తీరింది అంటాం కదా. ఇక అక్కడ మిగిలిందేమీ లేదని దాని భావం. ఒక మనిషి గురించి తీర్పు తీర్చామంటే ఆ మనిషి సంగతి తేలిపోయింది, ఇక చూడాల్సిందేమీ లేదు అన్నట్టు. "వాడింతే", "దాని బతుకంతే", "ఆ ఇంట్లో పుట్టినవాళ్లు బాగుపడరు" అని మనం రోజూ అనే మాటలకు సరిగ్గా సరిపోతుంది. లూకా సువార్త 6వ అధ్యాయంలో ఇదే బోధ వచ్చినప్పుడు, తీర్పు తీర్చకుడి అన్న వెంటనే "నేరము మోపకుడి" అనీ, ఆ వెంటనే "క్షమించుడి" అనీ ఉంది. అంటే ప్రభువు వద్దన్నది మనిషి మీద నేరం మోపి, కొట్టిపారేసి, తలుపు వేసేయడాన్ని.

మంచిచెడ్డలు ఎంచడాన్ని వద్దనలేదు. వద్దని ఉంటే అదే అధ్యాయంలో కొన్ని వచనాల తర్వాత అబద్ధ ప్రవక్తల గురించి జాగ్రత్తపడండి, వారి ఫలాలను బట్టి వారిని తెలుసుకుంటారు అని ఎలా చెబుతారు? చెట్టును పండును బట్టి చూడమన్నారు, చూడొద్దనలేదు. యోహాను సువార్త 7వ అధ్యాయంలో అయితే నేరుగానే ఉంది: "వెలిచూపునుబట్టి తీర్పు తీర్చక న్యాయమైన తీర్పు తీర్చుడి." ఆదివారం ప్రసంగాల్లో ఈ వచనం ఎందుకో తక్కువగా వినపడుతుంది.

'తీర్చబడదు' అన్న రూపం కూడా చూడండి. తీర్చేది ఎవరు? పేరు లేదు. దేవుని పేరు ఊరికే నోట పలకకూడదన్న భయభక్తులతో యూదులు ఇలా మాట్లాడేవారు. పేరు చెప్పకపోయినా, ఆ పని చేసేది దేవుడేనని వినేవాళ్లకు తెలుసు. అంటే మనం ఇంకొకడి మీద తీర్పుకు కూర్చున్న కుర్చీ మనది కాదు. యాకోబు తన పత్రిక 4వ అధ్యాయంలో ఇదే గట్టిగా అడుగుతాడు. ధర్మశాస్త్రమిచ్చి తీర్పు తీర్చేవాడు ఒక్కడే, పొరుగువాడికి తీర్పు తీర్చడానికి నువ్వెవరు అని.

కొలత సంగతి కూడా ఉంది. "మీరు కొలుచు కొలత చొప్పుననే మీకును కొలువబడును." డెల్టా మనుషులకు దీన్ని వేరే విప్పి చెప్పక్కర్లేదు. తవ్వతో, కుంచంతో గింజలు కొలిచిన ఇళ్లు మనవి. ఇచ్చేటప్పుడు కుంచం పైన చేత్తో గీసి సమంగా ఇవ్వడం, పుచ్చుకునేటప్పుడు పైకి కుప్పగా పోయించుకోవడం, అలాంటి చెయ్యి ఏ ఇంటిదో ఊరంతటికీ తెలిసి ఉండేది. నా తప్పులకు సందర్భాలు, కారణాలు, టెన్షన్లు అన్నీ కుప్పపోసి కొలుచుకుంటాను. పక్కవాడి తప్పును గీసి కొలుస్తాను. లూకాలో ప్రభువు చెప్పిన కొలత ఎలాంటిదంటే అణచి, కుదిలించి, దిగజారేటట్టు నిండుగా ఒడిలో పోసేది. క్షమించుడి అన్న మాట పక్కనే ఆ కొలత వస్తుంది.

ఇక దూలం. దీని దగ్గర కాస్త ఆగాలనిపిస్తోంది.

యేసు వడ్రంగి. నలుసు, దూలం ఆయన పనిశాలలోంచి వచ్చిన మాటలే అయ్యుండాలి. గ్రీకులో ఉన్నది ఇంటి పైకప్పు మోసే దూలమే. మా తాతగారి పెంకుటింట్లో తాటిదూలాలు ఉండేవి. ఒకదాన్ని దింపడానికి నలుగురు మగాళ్లు కావలసి వచ్చింది. అలాంటిది కంట్లో పెట్టుకుని, పక్కవాడి కంట్లో ఊక నలుసు తీస్తానని వంగే మనిషిని ఊహించుకుంటే, కొండ మీద ఆయన బోధ విన్నవాళ్లు నవ్వకుండా ఉండగలిగారా అనిపిస్తుంది. నవ్వించి ఆయన ఊరుకోలేదు. "వేషధారీ" అన్నారు.

చాలామంది ఈ ఉపమానాన్ని సగంలో ఆపేస్తారు. దూలం తీసుకో, నలుసు జోలికి పోకు అన్నట్టు చెబుతారు. వచనం అలా లేదు. "మొదట నీ కంటిలోనున్న దూలమును తీసివేసికొనుము, అప్పుడు నీ సహోదరుని కంటిలోనున్న నలుసును తీసివేయుటకు నీకు తేటగా కనబడును." నలుసును వదిలెయ్యమనలేదు, తియ్యమన్నారు. కంట్లో నలుసు ఉన్నవాడికి అది బాధే కదా. నూర్పిళ్లప్పుడు కళ్లంలో దుమ్ము కంట్లో పడినవాళ్లకు తెలుసు, అది తీయడానికి ఎవరు కావాలో. దూరం నుంచి "నీ కంట్లో నలుసుందిరోయ్" అని అరిచేవాడు పనికిరాడు. దగ్గరకొచ్చి, గడ్డం పట్టుకుని, పైపంచె కొసను మెత్తగా చుట్టి, ఊపిరి తగిలేంత దగ్గర నిలబడేవాడు కావాలి. మనం కళ్లు తెరిచి ఉంచుతాం, అతన్ని నమ్మి. ఆ నమ్మకం లేనిచోట ఎవరి కంట్లోనూ ఎవరూ వేలు పెట్టకూడదు.

మరి దూలం అంటే ఏమిటి? అదే రకం పాపం ఇంకా పెద్దది అని కొందరంటారు. నాకు మాత్రం, ఎదుటివాడి కంటే నేను పైన ఉన్నానన్న ఆ చూపే దూలం అనిపిస్తుంది. దాన్ని తీసేస్తే తప్ప ఏదీ తేటగా కనపడదు. రోమా పత్రిక 2వ అధ్యాయం మొదట్లోనే పౌలు, ఎదుటివాడికి తీర్పు తీర్చేవాడు తన మీద తానే నేరం మోపుకుంటున్నాడంటాడు.

ఇది నా విషయంలో ఎలా జరిగిందో చెప్పాలి. కొన్నేళ్ల కిందట నాతో పాటు యవ్వన కూడికలో ఉన్న ఒకతను ఆదివారాలు రావడం మానేశాడు. రొయ్యల చెరువుల దగ్గర కనపడుతున్నాడని విన్నాను. "చెరువే దేవుడైపోయింది వాడికి, డబ్బు వెనకాల పడ్డాడు, చల్లారిపోయాడు" అని నేనే నలుగురితో అన్నాను. ప్రార్థనలో కూడా అలాగే ఎత్తాను, అందరికీ వినపడేలా. ఆ తర్వాత ఒక శుభలేఖ ఇవ్వడానికి ఆ చెరువు గట్టు మీదకు వెళ్లాల్సి వచ్చింది. అప్పుడు తెలిసింది, ఆ చెరువు అతనిది కాదు. అతను జీతానికి కాపలా ఉంటున్నాడు. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. అందుకని రాత్రంతా మేలుకుని ఉండాలి, ఆదివారం అని సెలవు లేదు. షెడ్డులో రేకు గోడకు దారంతో వేలాడదీసిన బైబిలు ఉంది. "వందనాలన్నా, చాలా రోజులైంది" అని టీ పెట్టాడు. ఆ టీ గొంతు దిగడం నాకు కష్టమైంది.

అతని గురించి నాకు నిజంగా తెలిసింది ఒక్కటే: ఆదివారం రావడం లేదు. మిగతాదంతా నేను నింపుకున్నదే. వాడి మనసు, వాడి ఉద్దేశం, వాడికీ దేవునికీ మధ్య ఉన్నది, అన్నీ. సమూయేలు దావీదు అన్నల్ని వరసగా చూస్తూ పొడుగును బట్టి రాజు ఇతడే అనుకుంటున్నప్పుడు దేవుడు అన్నది ఇదే కదా, మనుషులు పైరూపాన్ని చూస్తారు, తాను హృదయాన్ని చూస్తానని. యూదు బోధకుడు హిల్లేలు చెప్పినట్టుగా వస్తున్న ఒక మాట ఉంది: నీ తోటివాడి చోటుకు నువ్వు చేరేదాకా అతనికి తీర్పు తీర్చకు. నేను ఆ చెరువు గట్టు దాకా కూడా వెళ్లకుండానే తీర్చేశాను.

ప్రభువు ఇదే సంగతి రైతు భాషలో కూడా చెప్పారు. మత్తయి 13వ అధ్యాయంలో గోధుమలు, గురుగులు. పొలంలో గోధుమ విత్తితే రాత్రివేళ శత్రువు వచ్చి గురుగులు చల్లి పోతాడు. పెరికేస్తామంటారు పనివాళ్లు. వద్దంటాడు యజమాని, కోతదాకా రెండింటినీ పెరగనివ్వండి, ఇప్పుడు గురుగులు పెరికితే గోధుమలూ వేళ్లతో వచ్చేస్తాయి అంటాడు. గురుగు అంటే గోధుమ చేలో పెరిగే ఒక కలుపు. వెన్ను తీసేదాకా అచ్చం గోధుమలాగే ఉంటుంది. మన వరిచేలో ఊద ఎలాగో అలాగ. నారుమడిలో ఊదను పోల్చడం కొత్తవాళ్ల వల్ల కాదు, వెన్ను వచ్చాక పిల్లలైనా చూపిస్తారు.

మా నాన్నకు ఈ ఉపమానం ఎప్పుడూ మింగుడు పడేది కాదు. "కలుపు తీయొద్దనే రైతు ఎక్కడుంటాడు?" అనేవారు. నిజమే, ఏ రైతూ అలా చెప్పడు. ఆ యజమాని మామూలు రైతు కాదు గనకే చెప్పాడు. కలుపు తీయడం కంటే ఒక్క గోధుమ మొక్క పొరపాటున పోకుండా చూసుకోవడం ఆయనకు ముఖ్యం. పైగా మొక్క మారదు, మనిషి మారతాడు. నిన్న ఊద అనుకున్నది రేపు వరి వెన్ను వేయడం మనుషుల్లో జరుగుతుంది. సంఘాన్ని హింసించిన సౌలు పౌలు అయ్యాడు. స్తెఫనును రాళ్లతో కొట్టినప్పుడు బట్టలకు కాపలా ఉన్న ఆ కుర్రాడు సౌలే. అతని మీద ఆ రోజే తీర్పు తీర్చేసి ఉంటే?

ఈ ఉపమానంలో పొలం అంటే లోకం అని ప్రభువే విప్పి చెప్పారు. అందుకని లోకాన్ని కోతదాకా వదలాలి, సంఘం లోపల మాత్రం వదలకూడదు అని కొందరంటారు. ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీను మాత్రం, తామే శుద్ధులమని వేరుపడిన డొనాటిస్టులకు జవాబిస్తూ ఇదే ఉపమానాన్ని సంఘానికి కూడా వర్తింపజేశాడు. ఈ వాదం నేటికీ తెగలేదు.

సంఘం లోపల ఏం చేయాలో పౌలు రాసింది చూస్తే మొదట గందరగోళంగా ఉంటుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 4వ అధ్యాయంలో, ప్రభువు వచ్చేదాకా దేని గురించీ తీర్పు తీర్చకండి అంటాడు. పేజీ తిప్పితే 5వ అధ్యాయంలో, తన తండ్రి భార్యతో ఉంటున్న మనిషిని మీలోంచి వెలివేయండి అంటాడు. మొదటిచోట మాట ఎవరు నమ్మకమైన పనివాడు, ఎవరి హృదయంలో ఏముంది అన్నదాని గురించి. చీకట్లో ఉన్న ఆ రహస్యాలను ప్రభువే వెలుగులోకి తెస్తాడు. రెండోచోట మాట దాపరికం లేకుండా, ఊరంతా ఎరిగి, సంఘం గర్వపడుతూ ఊరుకున్న పని గురించి. ఒకటి లోపలిది, కనపడనిది. ఇంకోటి బయట జరుగుతున్నది, ఇంకొకరికి హాని చేస్తున్నది. ఈ రెంటినీ కలిపేస్తేనే చిక్కంతా.

ఆ 5వ అధ్యాయం చివర్లో ఒక మాట ఉంది. "వెలుపలివారికి తీర్పు తీర్చుట నాకేల?" సంఘం బయటివారి సంగతి దేవుడు చూసుకుంటాడు, మీ పని లోపలివారితో అంటాడు పౌలు. మనం సరిగ్గా తిరగేసి చేస్తున్నాం. పక్కింటి హిందూ కుటుంబం గురించి, వాళ్ల పండగల గురించి, మారని చుట్టాల గురించి గంటలు గంటలు మాట్లాడతాం. కానుకల లెక్క చెప్పని మనవాడి గురించి, భార్యను కొట్టే మనవాడి గురించి మాత్రం "తీర్పు తీర్చకుడి" గుర్తొస్తుంది. ఇది నన్ను బాధపెడుతుంది. పొరుగువాళ్లు మన గురించి ఏమనుకుంటారో అన్న భయంతో కాదు, అలా చేస్తే మనం చదువుతున్న పుస్తకం మనదే కాకుండా పోతుందని.

లోపలివారితో ఎలా నడవాలో మత్తయి 18 చెబుతుంది. మొదట ఒంటరిగా వెళ్లు. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మన దగ్గర ఇది సాధారణంగా చివరి నుంచి మొదలవుతుంది. ముందు అరుగు మీద, తర్వాత ప్రార్థన విన్నపాల్లో, తర్వాత వాట్సాప్‌లో, ఎప్పటికో అసలు మనిషి చెవిలో. గలతీ 6:1లో పౌలు, తప్పులో చిక్కుకున్నవాడిని సాత్వికమైన మనసుతో మంచిదారికి తీసుకురండి, నువ్వూ శోధింపబడతావేమో నిన్ను చూసుకో అంటాడు. ఉద్దేశం తీసుకురావడం. బల్ల (ప్రభువు రాత్రి భోజనంలో పాలు) ఆపినా, బాధ్యత తీసేసినా ఆ మనిషిని తిరిగి తెచ్చుకోవడానికే గానీ వదిలించుకోవడానికి కాదు.

ఇది తప్పిపోతే ఏమవుతుందో మా డెల్టా సంఘాల చరిత్రలోనే ఉంది. విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు 1836లో భార్యలతో ఇంగ్లండ్ నుంచి బయలుదేరి వచ్చి నరసాపురంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ పని వాళ్లతోనే మొదలైంది. వాళ్లను వెంటబెట్టుకొచ్చింది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, అంతకుముందు పళ్ల డాక్టరు. ఆ ప్రయాణానికి ముందు, అదే 1836లో, గ్రోవ్స్ తన స్నేహితుడు, బ్రదరెన్ అనే క్రైస్తవ సహవాసంలో నాయకుడు జాన్ నెల్సన్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. మీ ఐక్యత జీవం, ప్రేమ మీద కాక రోజురోజుకీ సిద్ధాంతం, అభిప్రాయం మీద నిలుస్తోంది అని బాధపడ్డాడు. ఎదుటివాళ్లలోని మంచి నుంచి వేరుపడటం కంటే వాళ్లలోని చెడునంతా భరించడమే తనకు ఎంతో ఇష్టమన్నాడు. ఆ మాట ఎవరూ వినలేదు. 12 ఏళ్లకు, 1848లో, బ్రదరెన్ సహవాసం రెండుగా చీలిపోయింది. తప్పుడు బోధ జరిగిందన్న సంఘం నుంచి వచ్చిన కొందరిని బ్రిస్టల్‌లోని ఒక సంఘం చేర్చుకుందని, డార్బీ వైపువాళ్లు ఆ సంఘం మొత్తంతో సహవాసం తెంపేశారు. తప్పు చేసినవాడికే కాదు, వాడిని చేర్చుకున్నవాడికీ, వాడితో రొట్టె విరిచినవాడికీ తీర్పు పాకుతూ పోయింది. మన ఊళ్లలో ఒకే వీధిలో రెండు మందిరాలు, ఒకరి బల్లకు ఇంకొకరు రానివి చూసినప్పుడల్లా నాకు ఓడ ఎక్కబోతూ గ్రోవ్స్ రాసిన ఆ ఉత్తరమే గుర్తొస్తుంది.

అన్నీ పాపాలు కావు, కొన్ని కేవలం తేడాలు. రోమా 14 అంతా వీటి గురించే. కొందరు మాంసం తింటారు, కొందరు కూరగాయలే. కొందరు కొన్ని దినాలను ఎంచుతారు, కొందరికి అన్నీ సమానమే. "తినువాడు తిననివాని తృణీకరింపకూడదు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదు." ఇద్దరి జబ్బునూ పౌలు పట్టుకున్నాడు చూడండి. స్వేచ్ఛ ఉన్నవాడికి చిన్నచూపు, కట్టుబాటు ఉన్నవాడికి తీర్పు. మన దగ్గర నగలు, బొట్టు, సినిమా, ఇంకా సంక్రాంతికి ప్రభల తీర్థం చూడ్డానికి వెళ్లొచ్చా, పక్కింటివాళ్లు ఇచ్చిన ప్రసాదం పుచ్చుకోవచ్చా, ఇవన్నీ ఇక్కడికే వస్తాయి. కొరింథీయుల పత్రికలో పౌలు విగ్రహాలకు పెట్టిన వాటి గురించి మూడు అధ్యాయాలు రాశాడు, ఒక్క ముక్కలో తేల్చలేదు. నా మనస్సాక్షి నాకు చెప్పింది నేను చేస్తాను. తీసుకున్నవాడిని భ్రష్టుడని, తీసుకోనివాడిని మూర్ఖుడని అనే హక్కు నాకు ఆ పత్రిక ఇవ్వదు. "పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు?"

ఇంకొక సంగతి చెప్పకుండా ఈ మాట పూర్తి కాదు. ఈ డెల్టాలో సువార్తను మొదట చేతులు చాచి అందుకున్నవాళ్లలో ఎక్కువమంది మాలపల్లెలు, మాదిగపల్లెల వాళ్లు. ఊరు వాళ్ల మీద వాళ్లు పుట్టకముందే తీర్పు తీర్చేసింది. ఏ బావి నీళ్లు తోడకూడదో, ఏ వీధిలో చెప్పులు విప్పి నడవాలో అన్నీ అందులోనే ఉండేవి. అలాంటివాళ్లకు "తీర్పు తీర్చకుడి" అన్న మాట మర్యాద నేర్పే పాఠంగా వినపడి ఉండదు. ఆ పాత తీర్పు దేవుడిది కాదు, దాన్ని తీర్చినవాళ్లకు ఆ కుర్చీ లేదు అన్న కబురుగా వినపడి ఉంటుంది. యాకోబు 2వ అధ్యాయం బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, మాసిన బట్టల వాడికి కాళ్ల దగ్గర చోటు చూపించే సంఘాన్ని చెడ్డ ఆలోచనతో తీర్పు తీర్చేవాళ్లని అంటుంది. మందిరంలో కుర్చీలు ఎవరికి, చాప ఎవరికి అన్నది చిన్న విషయం అనుకునేవాళ్లు ఆ అధ్యాయం మళ్లీ చదవాలి.

ఇప్పుడు ఆ ఇద్దరు ఆడవాళ్ల దగ్గరికి వస్తాను.

చాప మీద కూర్చునే అమ్మాయి విషయంలో మా పిన్ని సరిగ్గా వాడింది ఆ వాక్యాన్ని. యోహాను 8వ అధ్యాయంలో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని తెచ్చి నిలబెట్టిన సంగతి అందరికీ తెలుసు. అతి ప్రాచీనమైన చేతిరాత ప్రతుల్లో ఈ భాగం కనపడదు. అయినా సంఘం దీన్ని వదులుకోలేదు, వదులుకోలేకపోయిందని నేను అనుకుంటాను. మోషే ధర్మశాస్త్రం స్త్రీ పురుషులిద్దరికీ శిక్ష చెప్పింది, తెచ్చింది మాత్రం ఆమెను ఒక్కదాన్నే. "మీలో పాపము లేనివాడు" రాయి వేయవచ్చన్నారు ప్రభువు. పెద్దవాళ్ల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. రాయి వేయగలిగినవాడు ఒక్కడే మిగిలాడు, ఆయన వేయలేదు. శిక్ష విధించనన్నారు, ఇక పాపం చేయకన్నారు. రెండూ అన్నారు, ఆ వరసలోనే అన్నారు. మనం వరస మార్చేస్తాం, ముందు మారి చూపించు, తర్వాత చేర్చుకుంటాం అంటాం. పైగా మా ఊరి అమ్మాయి చేసింది పెళ్లే.

రెండోచోట ఆ వాక్యాన్ని తప్పుగా వాడారు, నాకు ఇందులో సందేహం లేదు. దెబ్బ తిన్న మనిషి తీర్పు తీర్చమని రాలేదు, ఆపమని వచ్చింది. కొట్టడం తప్పు అనడానికి ఎవరి హృదయంలోకీ తొంగి చూడక్కర్లేదు, కమిలిన చెయ్యి కనపడుతోంది. అతని ఆత్మ సంగతి దేవునిది, అతని చెయ్యి సంగతి మనది. గృహ హింస నుంచి మహిళలను కాపాడే చట్టం 2005 నుంచి ఉంది, 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు, ఆ దారిలో ఆవిడకు తోడు వెళ్లడం తీర్పు తీర్చడం కాదు. సామెతల గ్రంథం 31వ అధ్యాయంలో సరిగ్గా అవే మాటలు ఆజ్ఞగా ఉన్నాయి: "నీ నోరు తెరచి న్యాయముగా తీర్పు తీర్చుము." ఎవరి కోసం? దీనుల కోసం, దరిద్రుల కోసం. అదే బైబిలు, అదే తెలుగు మాట.

ఆ మాట ఆ పెద్దాయనకు చూపించాను. ఒంటరిగానే, వాళ్లింటి పెరట్లో. చాలాసేపు ఆ పేజీ మీద వేలు పెట్టి కూర్చున్నారు. తర్వాత ఆవిడ ఇంటికి మా పిన్ని, అరుగు మీది ఆడవాళ్లలో ఇద్దరు వెళ్లారు. "ఏ మొహం పెట్టుకుని" అన్నావిడ కూడా వాళ్లలో ఉంది. దెబ్బలు తిన్న ఆవిడ ఇప్పుడు పిల్లలతో అన్నగారింట్లో ఉంది. కానుకల సంచి అతని చేతిలోంచి తీసేశారు, బల్ల ఆపారు. అతను కోపంతో మందిరానికి రావడం మానేశాడు.

మత్తయి 18లో చివరి మెట్టు, సంఘం మాట కూడా వినని వాడిని "సుంకరి"గా, అంటే పన్నులు వసూలు చేసేవాడిగా, ఎంచుకోమంటుంది. ఆ సువార్త రాశాడని సంఘం చెప్పుకునే మత్తయి సుంకరే. సుంకం వసూలు చేసే చోట కూర్చున్నవాడిని పిలిచి, అతని ఇంట్లో భోజనానికి కూర్చున్నారు ప్రభువు. ఈ గురువారం సాయంత్రం ఆ పెద్దాయన, నేను అతనింటికి వెళ్తున్నాం. ఇది మూడోసారి. మొదటిసారి తలుపు తీయలేదు, రెండోసారి గుమ్మంలోనే నిలబెట్టి తిట్టాడు.